జ్వరం పిటిషన్

మా కోర్టుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే జబ్బు జ్వరం. వాయిదా ఉన్న రోజు ఉదయం బెంచి మీదకి మెజిస్ట్రేటుగారు రాగానే వస్తుంది, పిటిషన్ మీద ఆయన సంతకం పడగానే తగ్గిపోతుంది. ముద్దాయి పెళ్లికి వెళ్లినా, వరికోతలకి వెళ్లినా, అసలు వాయిదా సంగతే మరిచిపోయినా ప్లీడరు గుమస్తా రాసేది ఒకటే: "ముద్దాయి తీవ్రమైన జ్వరంతో మంచం పట్టి ఉన్నందున ఈ రోజు హాజరు కాలేకపోయినాడు." రాసేవాడికి అది అబద్ధమని తెలుసు. చదివేవాడికీ తెలుసు. అవతలి ప్లీడరు కూడా నోరెత్తడు, ఎందుకంటే రేపు ఆయన క్లయింటుకీ ఇదే జ్వరం రావాలి.

ఈమధ్య బార్ అసోసియేషన్ వాళ్లు నాకు శాలువా కప్పి, కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నేను జ్వరం గురించి మొదలుపెట్టాను. ముందు వరసల్లో నవ్వారు. తర్వాత సువార్తమ్మ అనే నా పాత క్లయింటు పేరెత్తాను. నవ్వు ఆగింది. కార్యదర్శి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, "మాస్టారూ, అలసిపోయేరు, కూర్చోండి" అన్నాడు. నేనేమీ అలసిపోలేదు. ఆ రోజు చెప్పనివ్వని మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో ఒక కామందుగారు వస్తారు, ఆయన పేరు రాయను. మూడు ఊళ్ల పేర్లు వస్తాయి గానీ, ఇది ఏ ఊరి కోర్టులో జరిగిందో కూడా రాయను. భయంతో కాదు. రాస్తే ఆ ఒక్కడే దుర్మార్గుడని మీరు తేల్చేసుకుంటారు, మిగిలిన మేమందరం తప్పించుకుంటాం.

సీనియర్‌గారి దగ్గర

మాది వేదం చెప్పుకున్న ఇల్లు. నాన్నగారు ఘనాపాఠి. శిష్యుడు ఒక్క స్వరం జారిస్తే ఆ భాగమంతా మళ్లీ మొదటినుంచి చెప్పించేవారు. నేను లా చదువుతానంటే వద్దనలేదు గానీ, అమలాపురంలో ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గర జూనియర్‌గా చేరాక, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగేవారు: "ఏరా, ఇవాళ ఎంతమందికి తెప్పించేవు జ్వరం?" నవ్వుతూనే అడిగేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

మా సీనియర్‌గారు పనిమంతుడు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండు తోటల మధ్య గట్టు మీద మొలిచిన కొబ్బరిచెట్టు ఎవరిదని తాతల నాటినుంచి కొట్టుకుంటున్న దావాలు ఆయన దగ్గర బీరువాల నిండా ఉండేవి. వాటి మీదే నాకు పని నేర్పారు. కాగితం చదివి ఊరుకోకు, తగాదా ఉన్నచోటికి వెళ్లి నిలబడు అనేవారు. సాక్షి మీద అరవకు, అరిస్తే వాడు జాగ్రత్తపడతాడు అనేవారు. ఈ రెండూ నాకు బతుకంతా పనికొచ్చాయి, మీకూ పనికొస్తాయి.

మూడో పాఠం ఒకటి చెప్పేవారు. ఆఫీసులో సైక్లోస్టైలు తీసిన జ్వరం పిటిషన్లు దొంతరగా ఉండేవి. పేరుకీ తేదీకీ ఖాళీలు వదిలి మిగతాదంతా అచ్చే. చేరిన కొత్తలో ఒకసారి నేను, "ఈ క్లయింటు నిజంగా బండి దొరక్క రాలేదండి, అదే రాద్దామా?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అబ్బాయ్, కోర్టుకి నిజం అక్కర్లేదురా. సాకు కావాలి. సాకైతే అలవాటు పడిపోయేరు, సంతకం పెట్టేస్తారు. నిజమైతే విచారించాలి. ఎవడికుంది తీరిక?" అన్నారు. ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్తవాణ్ణి కదా.

లంకలో ఓటు

గోదావరి పాయల మధ్య ఒక లంక. చుట్టూ నీళ్లు. బయటికి రావాలంటే పడవ తప్ప దారి లేదు. ఆ లంకభూమి సర్కారుది. భూమిలేని కూలీలు సంఘం కట్టుకుంటే వాళ్లకి కౌలుకి ఇవ్వాలి. కాగితం మీద అలాగే ఇచ్చారు. సంఘంలో సభ్యులంతా కూలిజనమే. కానీ ఆ భూమిలో పొగాకూ మిరపా వేసుకున్నది మాత్రం అవతలి ఒడ్డున మేడలో ఉండే కామందుగారు. సంఘం ప్రెసిడెంటు ఆయన పాలేరు. సభ్యులు తమ పేరనున్న భూమిలో ఆయనకి కూలికి వెళ్లేవారు.

ఎన్నిక అని ఒకటి జరిగేది. ఆఫీసరు వచ్చేవాడు. కామందుగారు కుర్చీ వేయించి కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చేవారు. ఆఫీసరు నోరు తుడుచుకుని, పాలేరు పేరు చదివి, "అందరికీ సమ్మతమేనా?" అనేవాడు. వెనకాల నిలబడ్డ కామందుగారి మనుషులు "సమ్మతమే!" అని అరిచేవారు. ఆ అరుపు ఆగకముందే పుస్తకంలో 'ఏకగ్రీవం' అని పడిపోయేది. ఆ మాట ఎక్కడ వినబడినా నాకు ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

ఒక ఏడాది అలా అరిచాక ఒక మనిషి లేచి నిలబడింది. సువార్తమ్మ. కొబ్బరిపీచు కొట్టి తాళ్లు పేనుకునే మనిషి. మిషన్ బడిలో ఐదో క్లాసు దాకా చదివింది. భర్త పోయాడు, అత్తగారితో ఉంటోంది.

"నాకు సమ్మతం కాదండి" అంది.

"నీ ఒక్కదాని మాటకేంటమ్మా, కూర్చో" అన్నాడు ఆఫీసరు.

"ఒక్కదాన్నో కాదో లెక్కెట్టండి. మనిషికో చీటీ ఇవ్వండి. ఓటెట్టండి."

పెట్టలేదు. కానీ ఆ మాట లంకంతా పాకిపోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడేది. పక్క లంకలకీ వెళ్లేది. కాకినాడ వెళ్లి పెద్ద ఆఫీసర్ల వరండాల్లో నిలబడేది. ఆవిడ భూమి పంచమని కూడా అడగలేదు, గమనించండి. మా సంఘానికి మేం ఓటు వేసుకుంటాం అంది, అంతే. ఇంతలో దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది. ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చి ఆవిడని పడవెక్కించుకుపోయారు. దేశభద్రతకి ప్రమాదమట! పీచు కొట్టుకునే ఆడమనిషివల్ల! విచారణ లేదు, కోర్టు లేదు. ఎమర్జెన్సీ ఎత్తేసేదాకా జైల్లోనే ఉంచారు.

ఎత్తేశాక మా ఊళ్లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చిందని వరసగా సభలు జరిగాయి. మిఠాయిలు పంచారు. వాటిలో ఒక సభకి అధ్యక్షత వహించినది మన కామందుగారే. ఖద్దరు చొక్కా వేసుకుని స్వేచ్ఛ గురించి చాలాసేపు మాట్లాడారు. లంక సంగతి అప్పటికే ఊరంతా తెలుసు; నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టకుండా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

మూడు ఊళ్లకి ఒక రేవు

సువార్తమ్మ మా ఆఫీసుకి వచ్చింది ఆ తర్వాతే. తడిసిన చీరకుచ్చెళ్లు పిండుకుని గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మని కుర్చీ చూపించాను. గుమస్తా నాకేసి చూసిన చూపు ఇంకా గుర్తుంది. సీనియర్‌గారు కాగితాలు తిరగేశారు. మూడు కేసులు. రాజోలు వైపు తోటలో కొబ్బరికాయల దొంగతనం. అమలాపురంలో కామందుగారి పాలేరుని కొట్టడం. కొత్తపేట వైపు ఎవరి దొడ్లోనో జొరబడి బెదిరించడం. ఆవిడ ఆ మూడు చోట్లకీ సంఘం మీటింగులకి వెళ్లిన మాట నిజం. మిగతాదంతా కల్పన.

"చూసేవా," అన్నారు సీనియర్‌గారు నాతో, మెచ్చుకుంటున్నట్టుగా. "నేరం ఎక్కడ జరిగిందో చూసి పెట్టలేదు ఈ కేసులు. కోర్టు ఎక్కడుందో చూసి పెట్టేరు."

నిజమే. ఒక లంక మనిషిని మూడు ఊళ్ల కోర్టుల చుట్టూ తిప్పడం ఎలాగో తెలిసినవాడు కట్టిన కేసులు అవి. సాక్ష్యం అక్కర్లేదు, శిక్ష అక్కర్లేదు. వాయిదాలు చాలు. "ఎమర్జెన్సీలో జైల్లో ఎట్టేరండి. అది పోయేక కోర్టుల్లో ఎడతన్నారు. ఆ జైలే నయమండి ప్లీడరుబాబూ, ఒకచోట కూర్చోనిచ్చేరు" అంది ఆవిడ.

అసలు కిటుకు రేవు దగ్గర ఉంది. ఆ రేవు మీద పడవ నడుపుకునే హక్కు ఏటా వేలం వేస్తారు. ఆ లంక రేవు పాడుకున్నది కామందుగారి బావమరిది. ఆయన పాడితే ఇంకొకరు నోరు విప్పరు. సువార్తమ్మకి వాయిదా ఉన్న రోజు ఉదయం పడవ అవతలి ఒడ్డునే ఉండిపోయేది. ఆవిడ కోర్టుకి రాలేకపోయేది. రాకపోతే వారెంటు. తేలిక పని.

తగాదా ఉన్నచోటికి వెళ్లి నిలబడు అన్నారు కదా, ఒక వాయిదా రోజు ఉదయాన్నే రేవుకి వెళ్లాను. పడవ నా ముందే గుంజకి కట్టి ఉంది. అవతల లంక ఒడ్డున సువార్తమ్మా, మరికొంతమంది ఆడవాళ్లూ చేతులూపుతూ కేకలేస్తున్నారు. పడవ మనిషి లోపల కూర్చుని డబ్బాతో ఏదో తోడుతున్నాడు.

"ఏమయ్యా, పడవ తియ్యవేం?"

"నీళ్లు తోడతన్నానండి. కన్నం పడిందండి."

"పడవలో నీళ్లేవీ?"

"తోడేసేనండి మరి" అన్నాడు, ఖాళీ డబ్బా మళ్లీ వంచుతూ.

వాడి మీద నాకు కోపం రాలేదు. వాడు పడవ తీస్తే మర్నాడు ఆ పని ఉండదు. కోర్టు వేళ దగ్గరపడేదాకా అక్కడే నిలబడి, ఒక్కణ్ణే కోర్టుకి వెళ్లాను. ఆ వేళ దాటిపోయాక పడవ కన్నం దానంతటదే పూడిపోయిందట.

"నాకు జ్వరం లేదండి"

అంతకుముందు, మొదటిసారి అలా పడవ ఆగినప్పుడు గుమస్తా అలవాటు ప్రకారం జ్వరం కాగితం వేసేశాడు. మెజిస్ట్రేటుగారు చదవకుండానే సంతకం పెట్టారు. ఆ సంగతి తెలిసి సువార్తమ్మ ఆఫీసుకొచ్చింది. ఆ రోజు జరిగిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

"నాకు జ్వరం లేదండి" అంది.

"తెలుసమ్మా. అది ఉత్తినే రాసే మాట" అన్నారు సీనియర్‌గారు.

"పడవ రానివ్వలేదండి. అది రాయండి."

"రాస్తే మెజిస్ట్రేటుగారు ఒప్పుకోరు. జ్వరమంటే ఒప్పుకుంటారు. నీకు కావలసింది వారెంటు రాకపోవడమా, కాదా?"

"ఆయ్, అదేనండి."

"మరింకేం?"

ఆవిడ నెమ్మదిగా అంది: "బాబుగారూ, జ్వరం వల్ల రాలేదని నేను సంతకం ఎడితే, ఆ రోజు పడవ నడిచిందని నేనే ఒప్పుకున్నట్టు కాదండీ? రేపు పడవ ఆపేరని లంకలో ఎవరు చెప్పినా, సువార్తమ్మే ఆపలేదని రాసిచ్చింది కదా అంటారండి. నేను వాళ్ల తరపున సాక్ష్యం చెప్పినట్టవుద్దండి."

సీనియర్‌గారు ఆ కాగితాల కట్ట నా ముందుకి తోశారు. నాకేసి తిరిగి, "నీకు సరదాగా ఉంటే నీ పేరు మీద వేసుకో. నా పేరు తీసెయ్" అన్నారు. అలాగే తీసేశాను. ఆయన గది వదిలి బజారులో సైకిలు షాపు పైన మేడగది తీసుకుని సొంత బల్ల వేసుకున్నాను. ఆ తర్వాత కొద్దిరోజులకే కామందుగారి సివిల్ దావాలన్నీ సీనియర్‌గారి బీరువాలో చేరాయి.

తర్వాతి వాయిదాకి మళ్లీ పడవ ఆగింది. నేను రేవు దగ్గర నిలబడి చూసింది ఆ రోజే; అక్కణ్ణుంచి వచ్చి పడవ పిటిషన్ వేశాను. ఆ రోజు మెజిస్ట్రేటుగారు నా ముందు వచ్చిన జ్వరాలన్నిటికీ తల ఎత్తకుండా సంతకాలు పెట్టారు. నా కాగితం దగ్గర చెయ్యి ఆగింది.

"రేవు కాంట్రాక్టరు కావాలని పడవ ఆపేడంటున్నారు. సాక్ష్యమేది?"

"నా కళ్లతో చూశానండి."

"ప్లీడరు తన క్లయింటుకి సాక్షి కాకూడదు. మీకు తెలీదా?"

"వకాలత్ వదులుకుని సాక్ష్యం చెబుతానండి."

"అప్పుడు ఆమెకి ప్లీడరుండడు. ఇవాళే వారెంటు ఇవ్వాల్సి వస్తుంది." కాగితం మడిచి, నాకు మాత్రమే వినబడేలా అన్నారు: "జ్వరమంటే ఇచ్చేసేవాణ్ణి కదయ్యా. ఎందుకొచ్చిన గొడవ?"

ఆయన దుర్మార్గుడు కాడు. లంచం ముట్టేవాడు కాడని అందరూ అనేవారు. మెత్తగా మాట్లాడేవాడు. అలాంటివాడే పిటిషన్ కొట్టేసి వారెంటు ఇచ్చాడు. దుర్మార్గుల్ని ఎలా ఎదుర్కోవాలో పుస్తకాల్లో ఉంటుంది. మంచివాడూ, తీరిక లేనివాడూ అయిన మెజిస్ట్రేటుని ఎలా ఎదుర్కోవాలో ఎక్కడా లేదు, మీరే నేర్చుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళతాను. వారెంటు ఏ రోజు వచ్చినా, దాన్ని తీసుకుని పోలీసులు మనిషి కోసం వెళ్లేది శుక్రవారం సాయంత్రం. కోర్టు మళ్లీ తెరిచేదాకా బెయిలు అడగడానికి వీలుండదు. శుక్రవారం సాయంత్రం మీ క్లయింటు ఇంట్లో ఉండకపోవడమే మంచిది. ఇది ఏ లా కాలేజీలోనూ చెప్పరు. నాకు అప్పటికి తెలీదు.

ఆ శుక్రవారం పోలీసులు వెళ్లినప్పుడు పడవకి కన్నం లేదు. గుంజ విప్పి సిద్ధంగా ఉంచారు.

నిజం జ్వరం

కోర్టు తెరిచాక బెయిలు పిటిషన్ వేశాను. పారిపోయిన ముద్దాయి అని చెప్పి ఇవ్వలేదు. నాలుగు పక్కలా నీళ్లున్న లంకలో, పడవ లేకుండా, ఇంట్లో కూర్చున్న మనిషి పారిపోయిందట! సబ్‌జైలుకి పంపారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సంఘం ఎన్నిక పెట్టారు. బొండాలు కొట్టారు, "సమ్మతమే" అని అరిచారు, పుస్తకంలో ఏకగ్రీవం పడింది. దీనికోసమే కదా ఇంత కథా నడిపింది.

ఒక మధ్యాహ్నం సువార్తమ్మ అత్తగారు నా మేడమెట్లెక్కి వచ్చింది. వచ్చీ రాగానే మెట్టు మీదే కూలబడింది.

"బాబూ, పిల్లకి ఒళ్లు కాలిపోతందండి. మనిషిని పోల్చడం లేదండి."

సబ్‌జైలుకి పరిగెత్తాను. చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెదాలు పగిలిపోయాయి. పలకరిస్తే కళ్లు తెరిచింది గానీ నన్ను చూడలేదు. "బిళ్లలిచ్చేమండి" అన్నాడు అక్కడి మనిషి, తప్పు తన మీద రాకుండా.

బయటికొచ్చి పిటిషన్ రాయడానికి కూర్చున్నాను. జ్వరం అన్న మాట రాయడానికి నా కలం సాగలేదు. ఆ మాటకి మా కోర్టుల్లో అర్థం లేకుండా చేసింది మేమే. తీవ్ర అనారోగ్యం అని రాశాను, కొట్టేశాను. ప్రాణాపాయం అని రాశాను, అదీ కొట్టేశాను. ఉన్నది జ్వరం. ఇంకేం రాయాలి? జ్వరమనే రాశాను.

మెజిస్ట్రేటుగారు చదివారు. మొహం మీద నెమ్మదిగా నవ్వు వచ్చింది.

"మొన్న పడవ. ఇవాళ జ్వరం. మొత్తానికి మీరూ దార్లో పడ్డారండీ ప్లీడరుగారూ!"

కోర్టు హాలంతా నవ్వింది. ప్లీడర్లు నవ్వారు, గుమస్తాలు నవ్వారు, జ్వరం పిటిషన్లు చేతిలో పట్టుకుని తమ వంతు కోసం నిలబడినవాళ్లు కూడా నవ్వారు. మా సీనియర్‌గారు తన కుర్చీలో కాగితాల మీదకి వంగి నవ్వారు. నేను అరిచాను. సాక్షి మీద అరవకు అని నేర్పారు గానీ, మెజిస్ట్రేటు మీద అరవకు అని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. "వెళ్లి చూడండి, ఒక్కసారి వెళ్లి ముట్టుకుని చూడండి" అన్నాను. ఆయన నవ్వు ఆపి, డాక్టరు రిపోర్టు కోసం వచ్చే వారానికి వాయిదా వేశారు. నా ప్రవర్తన గురించి కూడా ఏదో రాసుకున్నారు.

వచ్చే వారం దాకా ఆగలేదు. తమ చేతుల్లో పోతుందేమోనని జైలువాళ్లే భయపడి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. టైఫాయిడ్ అన్నారు. అక్కడి డాక్టరమ్మ నన్ను తిట్టింది, ఇంత ఆలస్యంగా తెస్తారా అని. ఆవిడకి నేనేం చెప్పను? మా కోర్టులో జ్వరమంటే నవ్వుతారమ్మా అని చెప్పనా?

సువార్తమ్మ బతికింది. చాలా రోజులకి కళ్లు తెరిచి, మంచం పక్కన కూర్చున్న అత్తగారిని చూసింది. అత్తగారు ఏడుస్తూ, దేవుణ్ణి తలుచుకుంటూ ఏదేదో చెబుతోంది. సువార్తమ్మ చాలాసేపు ఆవిడ మొహం చూసి, "ఏంటత్తా, గుసగుసలాడతావ్? గట్టిగా చెప్పు" అంది.

అత్తగారు గట్టిగానే చెబుతోంది. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను.

ఆ చెవులు మళ్లీ రాలేదు.

ఎవరి మీద కేసు పెట్టాలి? కామందుగారు ఆవిడ ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. పడవ మనిషి నీళ్లు తోడుకున్నాడు. పోలీసులు వారెంటు ప్రకారం వెళ్లారు. మెజిస్ట్రేటుగారు రిపోర్టు అడిగారు. మేం ప్లీడర్లం ఒక నవ్వు నవ్వాం, అంతే కదా. ఇందులో ఏ సెక్షనూ ఎవరికీ తగలదు. ఆ రోజుల్లో నిద్రపట్టక పుస్తకాలన్నీ తిరగేశాను. లేదు. ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒకరోజు నాన్నగారు అలవాటుగా జ్వరం సంగతి అడగబోయారు. నా మొహం చూసి ఆగిపోయారు. విషయమంతా చెప్పాను. ఆయన విని, లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

కేసులు కొట్టేశారు

మూడు కేసులూ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. సాక్షులు రాలేదు. ఎందుకు వస్తారు? పని అయిపోయిందిగా. ఆఖరి తీర్పు చదివిన రోజు ఆవిడ బోనులో నిలబడి మెజిస్ట్రేటుగారి పెదాలకేసి చూస్తోంది. ఒక చీటీ మీద 'కేసు కొట్టేశారు' అని రాసి చూపించాను. చదువుకుంది. తలూపింది. బయటికొచ్చాక నన్ను అడిగింది:

"పడవ ఆపిన సంగతి తీర్పులో రాసేరాండీ?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"మరి నెగ్గింది ఏంటండి?"

ఇప్పుడు బార్ రూములో ఈ కేసుని నేను నెగ్గిన కేసని చెప్పుకుంటారు. శాలువా కప్పిన రోజు కూడా ఒకాయన అలాగే చెప్పాడు. పిల్లలూ, మీకు చెప్పదలచుకున్నది ఇక్కడుంది. మీరు పుచ్చుకునే తీర్పులో మీ క్లయింటు అడిగినది ఉందా లేదా చూసుకోండి. లేకపోతే నెగ్గామని చెప్పుకోకండి. ఇంకొకటి. మీ ఆఫీసులో ఇప్పుడు సైక్లోస్టైలు కాగితాలు లేవు, కంప్యూటరు ఉంది. అందులో జ్వరం పిటిషన్ ఉందని నాకు తెలుసు. పేరు మారిస్తే చాలు, అచ్చు వస్తుంది. అది నొక్కే ముందు, అదే రోజు ఎక్కడో ఒక సబ్‌జైల్లో చాప మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఉండొచ్చని గుర్తుంచుకోండి. మీరు అబద్ధానికి వాడేసిన మాట తప్ప ఆ మనిషికి ఇంకో మాట ఉండదు.

ఎన్నిక రోజు

తర్వాత కొన్నేళ్లకి మళ్లీ సంఘం ఎన్నిక వచ్చింది. ఆవిడ మీద కేసులు లేవు, ఆపడానికి వాయిదాలు లేవు. నన్ను రమ్మని కబురుపెట్టింది. పడవ నడిచింది. రేవుకి ఎవరో మంచి మనిషి దొరికాడు కాబోలనుకున్నాను. నాతోపాటు ఎన్నిక జరిపించే ఆఫీసరు కూడా అదే పడవలో ఉన్నాడని ఎక్కాక చూశాను.

లంక బడి ముందు పందిరి వేశారు. కామందుగారు కుర్చీలో ఉన్నారు. జుట్టు నెరిసింది గానీ గొంతు అదే. ఆడవాళ్లు ఒకవైపు నేల మీద కూర్చున్నారు. బొండాలు తాగడం అయ్యాక ఆఫీసరు లేచి, పాలేరు కొడుకు పేరు చదివి, అడిగాడు: "అందరికీ సమ్మతమేనా?"

వెనకనుంచి పందిరి అదిరేలా అరిచారు. "సమ్మతమే!"

ఆఫీసరు పుస్తకం తెరిచాడు. సువార్తమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, నాకు వినపడదండి. నేను సంఘంలో మెంబర్నండి. మీరేం అడిగేరో, వీళ్లేం చెప్పేరో నాకు తెలీదండి. చేతులెత్తమనండి. చూసుకుంటాను."

ఆఫీసరు కామందుగారికేసి చూశాడు. కామందుగారు నవ్వారు. "చెవిటిదండి, పాపం. రాసుకోండి మీరు."

నేను లేచాను. "ఆవిడకి చెవుడు ఎలా వచ్చిందో మీకు ఇప్పుడే, ఇక్కడే, అందరి ముందూ చెబుతాను. వింటారా? లేకపోతే చేతులెత్తమంటారా?" అన్నాను. ఆఫీసరు కొత్తవాడు, గొడవలంటే భయం ఉన్నవాడు. పుస్తకం మూశాడు. చేతులెత్తమన్నాడు.

ముందు పాలేరు కొడుక్కి ఎత్తమన్నాడు. వెనకనున్న కామందుగారి మనుషులు ఎత్తారు. అంత గట్టిగా అరిచినవాళ్లు ఇంతేనా అనిపించేంత తక్కువమంది.

పోటీ ఎవరని అడిగితే ఆడవాళ్లలోంచి ఎవరో సువార్తమ్మ పేరు చెప్పారు; ఆవిడకి ఎత్తమన్నాడు. ఎవరూ కదల్లేదు. అందరి కళ్లూ కామందుగారి మీదే ఉన్నాయి. అత్తగారు మొదట ఎత్తింది. పీచు కొట్టి కొట్టి వేళ్లు చాపలేని చెయ్యి. దాని పక్కన ఇంకొకటి లేచింది. వెనక ఇంకొకటి. సువార్తమ్మ ముందుకొచ్చి, వేలు పెట్టి చూపిస్తూ, పైకి వినబడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తన గొంతు తనకి వినబడదు కనుక చాలా గట్టిగా లెక్కపెడుతోంది. ఆవిడ వేలు తమవైపు వచ్చేసరికి కొత్తగా కొన్ని చేతులు లేస్తున్నాయి. కామందుగారి మనుషుల్లో ఒకడు కూడా ఎత్తాడు.

"చాలు, ఆపు!" అని కామందుగారు కుర్చీలోంచి లేచి అరిచారు.

ఆవిడకి వినబడలేదు. లెక్కపెడుతూనే ఉంది.